చెట్టు కింద పడిన వాన

మూడేళ్ల కిందటి మార్చి నెల. అరకు దగ్గర కొండ మీద ఒక వ్యవసాయ పరిశోధన క్షేత్రంలో నేను వెదర్ అబ్జర్వర్‌ని, అంటే వాతావరణం చూసి రాసే మనిషిని. ఇరవై రెండేళ్లుగా నా ఉద్యోగం ఇదే. ఉదయం ఎనిమిదిన్నరకు కంచె తలుపు తీసుకుని లోపలికి వెళ్లాలి. తెల్ల పెట్టెలోని థర్మామీటర్లు చూసి రాత్రి ఎంత చల్లబడిందో రాయాలి. గాలి ఎటునుంచి వీస్తోందో చూడాలి. ఆఖరున రెయిన్ గేజ్ విప్పి వాన కొలవాలి. రెయిన్ గేజ్ పెద్ద వింతేం కాదు, పైన గరాటు, కింద సీసా. సీసాలో చేరిన నీటిని గీతలున్న గాజు పాత్రలో పోసి చదివితే అన్ని మిల్లీమీటర్ల వాన పడినట్టు. పడని రోజు కూడా విప్పి చూసి, పడలేదని రాయాలి. మా ఆయన దీన్ని ‘ఏమీ లేదని రాసి జీతం తీసుకునే ఉద్యోగం’ అంటాడు. అననీయండి.

మా నాన్న కురుపాంలో మిషన్ స్కూల్లో లెక్కల మాస్టారు. లెక్క తప్పితే క్షమించేవాడు గానీ, పద్ధతి తప్పితే బెంచీ ఎక్కించేవాడు. ఆ గుణం నాకూ అబ్బింది. రెయిన్ గేజ్ విషయంలో పద్ధతి ఏమిటంటే, అది ఆరుబయట ఉండాలి. దగ్గర్లో చెట్టుంటే ఆ చెట్టు ఎత్తుకు కనీసం రెండింతల దూరంలో ఉండాలి. లేకపోతే కొమ్మలు వానను ఆపేసి అంకె తప్పు చూపిస్తుంది. ఈ సంగతి నేను ట్రైనింగుకి వచ్చిన పిల్లలకి ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. ఎక్కడైనా అంకె మీద అనుమానం వస్తే రిజిస్టర్లో దాని పక్కన ఎర్ర పెన్సిల్‌తో చిన్న గీత పెట్టడం నా అలవాటు. ఆ అంకెను ఇక ఎవరూ లెక్కలోకి తీసుకోరు.

ఆ రోజుల్లో చుట్టుపక్కల కాఫీ పండించే ఊళ్లలో ఊరికొకటి చొప్పున ప్లాస్టిక్ గేజ్‌లు ఇచ్చి, ప్రతి ఊళ్లో ఒక రైతును కొలిచే మనిషిగా పెట్టుకున్నాం. వాన పడిన మర్నాడు వాళ్లు ఫోన్ చేసి అంకె చెబుతారు. అలాంటి వాళ్లలో గురుబారి ఒకావిడ. యాభై దాటిన మనిషి. ఊరు కొండ అంచున ఉంటుంది. ఫోను పలకాలంటే ఊరి వెనక బండరాయి ఎక్కాలి. వాన పడిన ప్రతిసారీ ఎక్కి చేసేది. మొదటి మాట ‘మేడమ్మా, గురుబార్ని’, రెండో మాట అంకె, అంతే. ఒక్కటే చిక్కు. ఆవిడ అంకె ఎప్పుడూ పక్క ఊళ్ల కన్నా తక్కువ వచ్చేది. రెండేళ్లపాటు ఆవిడ వరసలో దాదాపు ప్రతి వాన పక్కనా ఎర్ర గీతే.

ఇక ఆ మార్చి సంగతి. కాఫీకి ఎండాకాలం మొదట్లో ఒక మంచి వాన కావాలి. దాన్ని బ్లాసమ్ షవర్ అంటాం, రైతులు పూత వాన అంటారు. చలికాలమంతా మొగ్గలు కొమ్మల కణుపుల దగ్గర బిగుసుకుని నిద్రపోతుంటాయి. ఈ వాన బాగా తడిపితే మేల్కొని, ఎనిమిది తొమ్మిది రోజుల్లో తోటంతా ఒక్కసారి తెల్లగా పూస్తుంది. అసలు పడకపోతే మొగ్గలు ఇంకొన్నాళ్లు ఓపిక పడతాయి. అరకొరగా పడితేనే ప్రమాదం. సగం మేల్కొన్న మొగ్గ దాహం తీరక గులాబీ రంగు తిరిగి మాడిపోతుంది. ఆ ఏటికి ఇక కాపు లేనట్టే.

ఆ నెల మొదటి వారంలో తెల్లవారే సరికి లోయలో ఇంకా మంచు ఉంది. స్వెట్టర్ వేసుకుని రీడింగు తీసేదాన్ని. రెండో వారానికి స్వెట్టర్ మూలపడింది. ఎండ చురుక్కుమనసాగింది. ఎదుటి కొండల మీద పోడుకి తగలబెట్టిన పొగ లోయలోకి దిగి, మధ్యాహ్నానికి రైల్వే లైను కూడా కనిపించేది కాదు. ఇప్ప పూలు రాలుతున్నాయి. ఆకాశం రోజూ సాయంత్రం కాస్త ఆశపెట్టి వెళ్లిపోయేది. ఉరుము వినిపిస్తే చాలు, రైతుల ఫోన్లు. “వాన మేడమ్మా, ఎప్పుడు?” అని. వాన నా బీరువాలో ఉన్నట్టు!

మూడో వారంలో ఒక మంగళవారం మధ్యాహ్నం మబ్బు నల్లగా లేచింది. గాలి, రెండు నిమిషాలు వడగళ్లు, ఆ తర్వాత ముప్పావుగంట వాన. ఆనందం పట్టలేక వరండాలో చేతులు చాపి తడిశాను. మర్నాడు మా గేజ్‌లో ఇరవై మూడు మిల్లీమీటర్లు. ఊళ్ల నుంచి ఒక్కొక్కటే ఫోన్లు వచ్చాయి. ఇరవై ఒకటి, పంతొమ్మిది, ఇరవై నాలుగు. అన్నీ బాగున్నాయి. చివరికి గురుబారి.

“మేడమ్మా, గురుబార్ని. తొమ్మిది.”

“తొమ్మిదా? సరిగ్గా చూశావా?”

“సూసినాను. తొమ్మిది.”

“పక్క ఊళ్లో ఇరవై ఒకటి పడిందమ్మా. నీ ఒక్కదాని మీదే వానకి కోపం వచ్చిందా?”

“వానకి కోపమేటి? పడినదే సెప్తన్నాను.”

ఎర్ర గీత పెట్టి రిజిస్టర్ మూశాను. తర్వాత మా క్షేత్రం ఆఫీసరు సార్ అనుమతితో రైతుల ఫోన్లకు వాయిస్ మెసేజ్ పంపాం. గొంతు నాదే. ‘పూత వాన సరిపడా పడింది, ఎవరూ నీళ్లు పెట్టనక్కర్లేదు’ అని హాయిగా చదివాను. గంట తిరక్కుండా మళ్లీ గురుబారి.

“పోన్లో నీ గొంతు ఇన్నాను మేడమ్మా. నా సెట్ల కింద మన్ను తడిసినట్టు నేదు. ఒకసారొచ్చి సూడు.”

“మీ సీసా ఏ మేకో తన్నేసి ఉంటుంది.”

“మేకలు నేవు. బేగి రా.”

తప్పు పట్టుకోవడానికే వెళ్లాను. అది దాచుకోవడం ఎందుకు? స్కూటీ మీద గంట ప్రయాణం. దారి పొడవునా మట్టి తడిగా, కమ్మగా వాసన వేస్తోంది. చూశావా, ఇంత వాన పడింది అని మనసులోనే ఆవిడతో వాదిస్తూ వెళ్లాను.

గురుబారి ఇంటి ముంగిట్లో రెండేళ్ల కిందట నేనే దగ్గరుండి పాతించిన ఇనుప ఊచ ఉంది. ఊచకి గేజ్ లేదు. ఆనపతీగ పాకి ఉంది.

“గేజ్ ఏది?”

“తోటలో ఉన్నాది.”

“తోటలో ఎందుకుంది?”

“కాఫీ ఉన్నాది తోటలోనే గదా మేడమ్మా,” అంది, ఇంత చిన్న విషయం కూడా చెప్పాలా అన్నట్టు.

ఆవిడ వెనకే ఏటవాలు ఎక్కాను. గేజ్ నిజంగానే కాఫీ మొక్కల మధ్య ఉంది, కర్రకి నారతో గట్టిగా కట్టి. పైన సిల్వర్ ఓక్ చెట్లు, వాటికి అల్లుకున్న మిరియాల పాదులు, వాటికీ పైన ఒక పనస. ఆకాశం అరచేతి మేర కూడా కనిపించదు. నాకు ఒళ్లు మండిపోయింది.

“నేను చూపించిన చోటే ఉంచమన్నానా లేదా? ఎవరు మార్చమన్నారు?”

“నువ్వెల్లినాక ఆలోసించినాను. ముంగిట్లో పడ్డ వానతో నాకేటి పని? అక్కడ కోళ్లు తప్ప ఏటున్నాయి? కాఫీకి ఎంత అందిందో సెప్పాలనే గదా నువ్వు ఇచ్చినావు. అందుకే ఆ వారమే మార్సీసినాను.”

“రెండేళ్లుగా ఇక్కడే ఉందా!”

“ఔను. రోజూ కడుగుతన్నాను కూడా.”

రెండేళ్ల అంకెలు, ఒక్కటీ పనికిరాదు అనుకున్నాను. నియమం గురించి ఉపన్యాసం మొదలుపెట్టబోతుంటే, గురుబారి కూర్చుని కాఫీ మొక్క మొదట్లో కత్తి మొనతో మట్టి గీరింది. పైన ఒక వేలి మందం నల్లగా తడి ఉంది. దాని కింద బూడిద లాంటి పొడి మన్ను. లేచి పది అడుగులు అవతలికి నడిచింది. అక్కడ కిందటి గాలివానకి ఒక ఓక్ చెట్టు కూలిపోయి కాస్త ఖాళీ ఉంది. అక్కడ గీరితే జానెడు లోతు వరకూ తడి. నేనూ కూర్చుని నా చేత్తో తవ్వి చూశాను. కొమ్మ వంచితే కణుపుల దగ్గర మొగ్గలు ఉబ్బి, ఆకుపచ్చ పోయి తెలుపు తిరుగుతున్నాయి. అవి మేల్కొన్నాయి, తాగడానికి మాత్రం లేదు.

అప్పుడు అర్థమైంది నాకు. వాన ఇరవైకి పైనే పడింది. గురుబారి తోటలో నీడ దట్టం. సగం పైగా వానను ఆకులే తాగేశాయి. మొక్క మొదటికి దిగింది తొమ్మిదే. నా అంకె ఆకాశానికి నిజం. ఆవిడ అంకె కాఫీకి నిజం. నేను మాత్రం ఆకాశం చూసి కాఫీకి సలహా చెప్పాను, అదీ నా సొంత గొంతుతో.

“ఈ కొమ్మలు నరికించి ఉండాల్సిందమ్మా,” అన్నాను.

“ఎవలు ఎక్కుతారు? నా కొడుకు రాజబాబుకి ఈ తోటంటే పడదు. కిందటేడు పూత మాడిపోనాది. ఈ ఏడూ అలగే అయితే సెట్లన్నీ కొట్టీసి సామలు సల్లీత్తానంటన్నాడు. ఇటుకల పండక్కి మగోల్లతో అడివికి ఏటకెల్లినాడు, నాలుగు రోజుల్లో ఒచ్చేత్తాడు.” ఓక్ చెట్టు బెరడు మీద చెయ్యి వేసింది. “మా ముసలోడు సచ్చిపోయిన ఏడు నాటినానమ్మా ఇవి. ఒక్కో మొక్కకీ కుండతో నీళ్లు మోసినాను. ఈలకీ నాకూ ఒక్కటే వయసు నేదు గానీ, ఈల్ని కొడితే నేను సూడనేను.”

ఏడవలేదు. చెట్టు మీద చెయ్యి తీయలేదు, అంతే.

తోటకి పైన ఒక ఊట ఉంది. దాని నీరు చిన్న సిమెంటు తొట్టెలో చేరి, పైపులో తనంత తానే ఊళ్లోకి దిగుతుంది. ఊరంతటికీ తాగునీరు అదే. మా క్షేత్రం షెడ్డులో రెండు స్ప్రింక్లర్లు ఖాళీగా పడి ఉన్నాయని గుర్తొచ్చింది. ఆ పైపుకి వాటిని తగిలిస్తే నాలుగు రోజుల్లో గురుబారి ఎకరం, దాన్ని ఆనుకుని అంతే దట్టంగా నీడ ఉన్న మరో రెండు ముక్కలు తడుస్తాయి. ఆ నాలుగు రోజులూ మాత్రం ఊరి ఆడవాళ్లు నీళ్ల కోసం కింద వాగుకి దిగి ఎక్కాలి.

ఊరి నాయుడు మోకాళ్ల నొప్పులతో వేటకి వెళ్లకుండా అరుగు మీద కూర్చుని ఉన్నాడు. ఊరి మంచి చెడ్డలు తేల్చే పెద్దమనిషి. ఆడవాళ్లు పదిహేను మంది చుట్టూ చేరారు. నేను చెప్పిందంతా విని ఆయన అడిగాడు.

“రెండు ముక్కల్లో సెప్పమ్మా. వాన వత్తాదా, రాదా? వచ్చీదే అయితే ఈలందర్నీ వాగుకి ఎందుకు దింపడం?”

‘అక్కడక్కడా జల్లులు పడే అవకాశం’ అని ఆ రోజు సూచన. ఏళ్ల తరబడి చదువుతున్న వాక్యం. ఆయన కళ్లలోకి చూస్తూ అది అనడానికి సిగ్గేసింది.

“తెలీదు నాయుడుగారూ. రావచ్చు, రాకపోవచ్చు. మొగ్గలు మాత్రం ఇంకో నాలుగు రోజుల కన్నా ఆగవు. అది తెలుసు.”

“నీళ్లు సాలినాయని పొద్దున్న పోన్లో సెప్పింది నువ్వే గదా?”

“నేనే.”

“ఇప్పుడు సాల్లేదన్నదీ నువ్వే.”

“నేనే. పొద్దున్న చెప్పింది ఈ తోటకి తప్పు.”

ఆయన పకపకా నవ్వాడు. ఆడవాళ్లూ నవ్వారు. నేను నవ్వలేకపోయాను. ఉద్యోగంలో చేరాక, తప్పు అనే మాట నా అంకెల గురించి నేను అనడం అదే మొదలు.

“వాగు కాడికి దిగి ఎక్కడం నీకేటి తెలుసు మేడమ్మా?” అంది చంకలో బిడ్డతో ఉన్న ఒక అమ్మాయి. న్యాయమైన మాటే.

నాయుడే తేల్చాడు. “పూత మాడితే రాజబాబు ఆ సెట్లు కొట్టీత్తాడు. అవి పోయినాక ఊట ఎన్నాల్లుంటాదో నాకు అనుమానమే. నాలుగు రోజులు మోద్దాం. గురుబారి ఒక్కదాని పని కాదిది.” ఆ అమ్మాయి మూతి ముడుచుకుంది గానీ కాదనలేదు.

తిరిగి వచ్చి సార్‌తో సంగతి చెప్పాను. స్ప్రింక్లర్లకి వెంటనే సంతకం పెట్టారు. మెసేజ్ దగ్గరే చిక్కొచ్చింది. “పొరపాటు అని ఎందుకమ్మా, అదనపు సూచన అని పంపుదాం,” అన్నారు. “పొరపాటే కదా సార్,” అన్నాను. కాసేపు పెన్ను తిప్పి, సరే అన్నారు. ‘పొద్దున నేను చెప్పిన మాటలో పొరపాటుంది. నీడ దట్టంగా ఉన్న తోటల్లో చెట్టు కింద మట్టి జానెడు లోతు తవ్వి చూడండి. పొడిగా ఉంటే ఎలాగైనా తడపండి’ అని రికార్డు చేశాను. ఒకసారి విని చూసుకుని పంపాను.

మర్నాడు ఉదయం రీడింగు అయ్యాక స్ప్రింక్లర్లు ఆటోలో వేసుకుని బయల్దేరాను. ఊరి మలుపులో రోడ్డుకి అడ్డంగా వెదురు బొంగు, దాని వెనక ఆడవాళ్లు, పాట. ఇటుకల పండగ రోజుల్లో మగవాళ్లు అడవికి వెళితే, ఆడవాళ్లు దారి కాసి వచ్చే పోయే వాళ్ల దగ్గర పండగ మామూలు తీసుకోవడం ఇక్కడి ఆచారం. అలవాటుగా పర్సు తీశాను. నిన్నటి బిడ్డ తల్లి చెయ్యి అడ్డం పెట్టింది.

“నీకాడ డబ్బులొద్దు. వాన ఇచ్చి ఎల్లు!”

అందరూ గొల్లుమన్నారు. నేనూ తక్కువ తినలేదు. ఆటో వెనక్కి వెళ్లి స్ప్రింక్లర్ ఒకటి పైకెత్తి చూపించాను. “ఇదిగో, తెచ్చాను!” బొంగు లేచింది. పాట ఆపకుండానే ఇద్దరు పైపులు భుజానికెత్తుకున్నారు.

నాలుగు రోజులు స్ప్రింక్లర్లు తిరిగాయి. తొట్టెకి మరీ దగ్గరున్న పై వరసలకి పైపులో జోరు చాలక నీరు చిమ్మలేదు. అక్కడ ఆడవాళ్లే కుండలతో పోశారు. రోజూ రీడింగు అయ్యాక వెళ్లేదాన్ని. వాగు నుంచి నేనూ ఒక బిందె మోశాను. ఒక్కటే. రెండో దానికి మోకాళ్లు ఒప్పుకోలేదు. ఆ అమ్మాయి చూసి “ఇప్పుడు తెలిసినాదా?” అంది. తెలిసిందని చెప్పాను. మూడో రోజు మధ్యాహ్నం మబ్బు కమ్మింది. ఇప్పుడు కుండపోతగా పడితే వీళ్ల మోత అంతా వృథా అయినట్టే, నా పరువూ పోయినట్టే. ఇన్నేళ్లలో వాన రాకూడదని కోరుకున్నది ఆ ఒక్క పూటే. నాలుగు చినుకులు రాల్చి మబ్బు ఒడిశా వైపు వెళ్లిపోయింది.

తర్వాతి వారం ఒక ఉదయం ఎనిమిదిన్నరకు ఫోన్ మోగింది. ముందు రోజు వాన లేదు, మరి ఎందుకా అనుకున్నాను.

“మేడమ్మా, గురుబార్ని. ఇయ్యాల అంకె నేదు. వాసనొత్తన్నాదా అక్కడికి?”

వెళ్లి చూశాను. కొండవాలు తెల్లగా ఉంది. కాఫీ పూల వాసన మల్లెకి దగ్గరగా, కాస్త తియ్యగా ఉంటుంది. తేనెటీగల రొద తప్ప తోటలో ఇంకో చప్పుడు లేదు. వేట నుంచి వచ్చిన రాజబాబు అక్కడే ఉన్నాడు, చేతిలో కత్తితో. నా చూపు ఆ కత్తి మీదికే పోయింది. అతను నన్ను చూసి ఇబ్బందిగా నవ్వాడు.

“కొమ్మలకే మేడం,” అన్నాడు. “పూత రాలినాక పై కొమ్మలు తీసీమంటన్నాది అమ్మ. సెట్టు మీద సెయ్యి ఎయ్యనివ్వదు.”

ఏప్రిల్‌లో రెండో వాన కూడా సమయానికి పడింది. పిందె నిలిచింది. ఆ చలికాలం గురుబారి తోటలో ఎర్రగా పండిన కాయలు కోయడానికి ఊరి ఆడవాళ్లే వెళ్లారు. ఆ బిడ్డ తల్లి కూడా. సిల్వర్ ఓక్‌లు ఈ రోజుకీ ఉన్నాయి, జుట్టు కత్తిరించుకున్న పిల్లల్లా.

ఇప్పుడు ప్రతి ఊరికీ రెండు గేజ్‌లు ఇస్తున్నాం. ఒకటి ఆరుబయట, ఇంకొకటి తోట నీడలో. రెండోది అధికారిక రిజిస్టర్‌లో రాయడానికి వీల్లేదు, దానికి విడిగా పుస్తకం పెట్టాను. కొత్తగా వచ్చే పిల్లలకి నియమం ఇప్పటికీ చెబుతాను, అది తప్పు కాదు. దాంతో పాటు, మనం కొలిచేది ఎవరి కోసమో కూడా అడుగుతాను. ఎవరైనా నా అంకెతో పొసగని అంకె చెబితే ఎర్ర పెన్సిల్ కన్నా ముందు స్కూటీ తాళం తీస్తాను.

ఆ ఏడు కాయ కోత అయ్యాక గురుబారి మొదటిసారి మా క్షేత్రానికి వచ్చింది. పాత రిజిస్టర్ తీసి ఆవిడ వరస చూపించాను. ఒక్కో అంకె మీదా వేలు పెట్టి, తను ఫోన్‌లో చెప్పినవన్నీ ఉన్నాయా లేదా అని చూసుకుంది. ఉన్నాయి. సంతోషపడింది. తర్వాత వేలు పక్కకి జరిగింది.

“ఈ ఎర్ర గీతలేటి మేడమ్మా?”

“తప్పులమ్మా.”

“ఎవలివి?”

“నావి,” అని చెప్పి, ఆవిడకి టీ పెట్టడానికి లేచాను.